హిల్లె చేసిన మార్గరెట్

ఉట్రెఖ్ట్ ఊళ్ళో కాలువ గట్టు కింద, నీళ్ళకి ఆనుకుని ఉన్న నేలమాళిగల్లో పునీతుల్ని కాల్చేవాళ్ళు ఉండేవాళ్ళు. హడలిపోకండి, కాల్చింది మనుషుల్ని కాదు, బొమ్మల్ని. వేలెడంత బొమ్మలు. తెల్లమట్టిని అచ్చులో నొక్కి, ఆరబెట్టి, ఆవంలో కాల్చి, పెదవులకి ఎరుపూ జుట్టుకి పసుపూ పూసి అమ్మేవాళ్ళు. కలవాళ్ళ ఇళ్ళలో వెండి పునీతులుంటారు. మా బోటివాళ్ళ ఇళ్ళలో మంచం తలాపున గూట్లో ఈ మట్టి తల్లులే. పొద్దున లేవగానే చూసేది వాళ్ళ మొహమే, రాత్రి దీపం ఆర్పేముందు చూసేదీ వాళ్ళ మొహమే.

హిల్లె ఆ పనిలోకి కోడలిగా వచ్చింది, విధవగా మిగిలింది. మొగుడు గైస్‌బర్ట్ పోయాక అచ్చులూ ఆవమూ ఒక ఆడపిల్లా ఆమె చేతికొచ్చాయి. మనిషి పొట్టి, మాట పొడుగు. బేరమాడేవాళ్ళని, "ఇంత తక్కువకి పునీత కేథరిన్ నీ ఇంటికి రానంటోందమ్మా, వేరే ఎవరినైనా చూసుకో" అని మొహం మీదే అనేసేది. అన్నా జనం ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆమె చేసిన బొమ్మల మొహాల్లో ఒక నెమ్మది ఉండేది. అంత గొంతు చించుకునే మనిషి చేతిలోంచి అంత నెమ్మదైన మొహాలు ఎలా వస్తాయో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ మొహాలు అన్నీ ఒకటే. ఇది ఆ పనివాళ్ళందరికీ తెలిసిన సంగతే, కొనేవాళ్ళకే తెలియదు. నెత్తిన కిరీటం, భుజాల మీద విరబోసుకున్న జుట్టు, చేతిలో పుస్తకం ఉన్న ఒకే ఒక్క పిల్ల అచ్చు ఉండేది. ఆ పిల్ల కాళ్ళ దగ్గర చక్రం అతికిస్తే కేథరిన్. కోట బురుజు అతికిస్తే బార్బరా. రెక్కలపాము అతికిస్తే మార్గరెట్. అతికించడానికి పల్చటి మట్టినీళ్ళు చాలు.

అయితే దానికొక కట్టుబాటు ఉంది. ఆవంలోకి వెళ్ళేదాకా ఆ పిల్ల ఎవరైనా కావచ్చు. నిప్పు దాటి వచ్చాక మాత్రం ఆమె ఎవరో ఆమే. కాలిన బొమ్మ గుర్తు మార్చకూడదు. గైస్‌బర్ట్ బతికున్నప్పుడు ఈ మాట కూతురు అలైట్‌ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. "నిప్పే వీళ్ళకి జ్ఞానస్నానం తల్లీ. ఒకసారి పేరు పెట్టాక మళ్ళీ పెడతామా?" అనేవాడు. ఆ పిల్ల పెద్ద కళ్ళేసుకుని వినేది.

మహామారి వచ్చిన ఆ వేసవిలో ఊళ్ళో ఎవరి నోట విన్నా బార్బరా పేరే. పొద్దున రొట్టె కొన్న మనిషి సాయంత్రానికి లేడు. చావుకి భయపడేవాళ్ళు కొందరైతే, పాపాలు చెప్పుకోకుండా, పాదిరి నూనె రాయకుండా దిక్కులేని చావు చస్తామేమోనని భయపడేవాళ్ళు అందరూ. బార్బరా చేతిలో ఉంటే పాదిరి గడప తొక్కేదాకా చావు బయటే కాచుకుని ఉంటుంది. అందుకని హిల్లె ఉన్న మట్టంతా బార్బరాలు చేసింది. చలి మొదలవగానే రోగం వెళ్ళిపోయింది. రోగంతోపాటు బార్బరా మీద భక్తీ పోయింది. అమ్ముడుపోని బార్బరాలు హిల్లె అలమరనిండా వరసగా నిలబడి, వెళ్ళమంటే వెళ్ళని చుట్టాల్లాగా ఆమెనే చూస్తూ ఉండేవి.

ఆ శీతాకాలం కాలువలు గడ్డకట్టాయి. ఎగువనుంచి తెల్లమట్టి పడవలు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే అలైట్ పెద్ద కడుపేసుకుని మంచు గట్టు మీద జాగ్రత్తగా అడుగులేసుకుంటూ తల్లి దగ్గరికి వచ్చింది.

అలైట్ మొగుడు ఎవర్ట్ పీపాలు చేసేవాడు. నెమ్మదస్తుడు, పెళ్ళాన్ని నెత్తిన పెట్టుకుని చూసుకునేవాడు. అంతకుముందు రెండు కాన్పులూ బిడ్డ దక్కలేదు. రెండోసారి అలైటే దక్కదనుకున్నారు. మంత్రసాని లుట్‌గార్డ్ హిల్లెని పక్కకి పిలిచి, "ఇంకోసారి కడుపొస్తే నాకే భయమమ్మా" అంది. ఆ మాట హిల్లె ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా అది ఆమె గుండెల్లో కూర్చునే ఉంది.

"అమ్మా, నాకో మార్గరెట్ కావాలి" అంది అలైట్, ఆవం పక్కన బల్ల మీద కూలబడుతూ. పాము కడుపు చీల్చుకుని ప్రాణాలతో బయటపడ్డ తల్లి కదా మార్గరెట్. మా ఆడవాళ్ళు ఆమె లేకుండా నొప్పులు పడరు.

"మార్గరెట్ ఎక్కడుందే? మట్టి లేదు. చూడు అలమర, అందరూ బార్బరాలే తగలడ్డారు."

"కాలువ అవతల తెయ్‌స్ కొట్లో ఉన్నాయట. ఎవర్ట్‌ని పంపనా?"

హిల్లెకి ఒళ్ళు మండింది. తెయ్‌స్‌కీ ఆమెకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. "ఆ వంకర చేతులవాడి బొమ్మా? వాడి మార్గరెట్‌ని చూశావా, పంటినొప్పితో ఉన్నట్టుంటుంది. నా కూతురు వాడి బొమ్మ పట్టుకుని కంటే ఈ గట్టున నేను తలెత్తుకు తిరగాలా?"

అలైట్ నవ్వింది. "నాకూ నీ చేతి బొమ్మే కావాలమ్మా. నువ్వు చేసిందైతే నువ్వు పక్కనున్నట్టే ఉంటుంది."

"చేస్తాలే. కొవ్వొత్తుల పండుగకి ఇస్తాను పో. జాగ్రత్తగా నడువు, జారి చచ్చేవు."

నోటి దురుసు అలాంటిది. కూతురు వెళ్ళాక ఆ మాటకి తనే లెంపలేసుకుంది.

తెయ్‌స్ కొట్లో ఒక మార్గరెట్ కొనుక్కుంటే కథ అక్కడితో సరిపోయేది. కొనలేదు. ఆమె పంతం ఆమెది. అలమరలోంచి అన్నిటికన్నా మంచి మొహమున్న బార్బరాని తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆకురాయితో బురుజుని అరగదీయడం మొదలుపెట్టింది. కాలిన మట్టి పిండిలాగా ఒడినిండా రాలింది. పైకప్పు పోయింది. కింద గోడ మాత్రం బొమ్మ మోకాలికి అతుక్కుపోయి ఉంది. ఇంకా గీస్తే కాలే విరిగేలా ఉంది. ఆ గోడలో మూడు కిటికీలు. బార్బరా బురుజుకి మూడు కిటికీలుంటాయని మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. హిల్లె మైనంలో సుద్ద కలిపి ఆ కిటికీల్ని పూడ్చేసింది. వాటి మీదుగా మైనంతోనే పాముని చుట్టింది, రెక్కలు దిద్దింది, ఆకుపచ్చ పూసింది. తన బతుకులో అంత అందమైన పాముని ఆమె చేయలేదు. మొగుడి మాట గుర్తొచ్చింది. పోయినవాళ్ళకేం, ఎన్నైనా చెబుతారు అనుకుని, బొమ్మకి సిలువ గుర్తు వేసి గుడ్డలో చుట్టింది.

అలైట్‌కి ఆ బొమ్మంటే ప్రాణమైపోయింది. తలాపున గూట్లో పెట్టుకుని పనులు చేసుకుంటూ దాంతో మాట్లాడేది. "అత్తా, నాకంటే ఆవిడతోనే కబుర్లెక్కువైపోయాయి. నేనొకణ్ణి ఉన్నానని గుర్తు చెయ్యి" అని ఎవర్ట్ నవ్వుతూ ఫిర్యాదు చేశాడు. పీపా చెక్కలతో ఉయ్యాల చేశాడతను. ఊపితే ఊగడం మానేసి గదంతా దొర్లేది.

ఒకరోజు హిల్లె బఠాణీ చారు గిన్నె పట్టుకుని వాళ్ళింటికెళ్ళింది. తలుపు ఓరగా ఉంది. లోపల అలైట్ గొంతు నెమ్మదిగా వినిపిస్తోంది.

"నువ్వే దిక్కు తల్లీ. ఆ వేళకి ఆలస్యం చెయ్యకు. తొందరగా రా. వచ్చి నన్ను వదలకుండా పట్టుకో."

హిల్లె గడప దగ్గరే ఆగిపోయింది. ఎవరిని పిలుస్తోంది ఈ పిల్ల? తొందరగా రమ్మని ఎవరితో అంటోంది? బార్బరా వచ్చేది చావు వేళకే కదా. అంతవరకూ మైనమూ రంగూ అనుకున్నది ఒక్కసారిగా అలా అనిపించలేదు. లోపలికి వెళ్ళి చారు గిన్నె దించి, గూట్లోకి చూసింది. అదే నెమ్మదైన మొహం. అడిగినవన్నీ వింటున్న మొహం.

"బొమ్మని ఓసారి ఇవ్వవే, రంగు కాస్త దిద్ది తెస్తాను."

"వద్దమ్మా. ఇల్లు దాటనివ్వను. అలవాటైపోయింది నాకు."

ఆ రోజునుంచి హిల్లెకి తిండి సయించలేదు. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు వెళ్ళిందో, మాట పెదవి దాటక అన్నిసార్లూ తిరిగొచ్చింది. చెప్తే పిల్ల భయపడుతుంది. భయపడితే కాన్పు చెడుతుంది. చెప్పకపోతే పిలవాల్సిన తల్లిని కాకుండా ఇంకొకర్ని పిలుస్తూనే ఉంటుంది. ఎటు తిరిగినా గోడే. మంచు కరగాలి, మట్టి రావాలి, అసలైన మార్గరెట్‌ని చేసి చెప్పాపెట్టకుండా మార్చేయాలి. మరో దారి లేదు. రోజూ పొద్దున్నే మెట్లు దిగి కర్రతో మంచుని పొడిచి చూసేది.

మంచు కరిగింది. మొదటి పడవలోనే మట్టి వచ్చింది. హిల్లె అదే అచ్చులో అదే పిల్లని నొక్కి, తడిమట్టితో పాముని అతికించి, ప్రార్థన చేస్తూ ఆవంలో పెట్టింది. ఆవం తెరిచి బొమ్మని చేతిలోకి తీసుకుందో లేదో, గట్టు మీదనుంచి ఎవర్ట్ కేక. "అత్తా! నొప్పులొచ్చేశాయి! ఇంకా వేళ కాలేదు కదత్తా, ఎందుకొచ్చాయి?"

తొందరగా రమ్మని పిలిచింది కదా. ఆ మాట హిల్లె పైకి అనలేదు. వేడి తగ్గని బొమ్మని నడుముకి కట్టుకున్న గుడ్డ సంచిలో వేసుకుని పరిగెత్తింది.

గదిలో వాడకట్టు ఆడవాళ్ళంతా చేరారు. కాన్పు సాఫీగా జరగాలని పెట్టెల మూతలు తెరిచారు, జడముళ్ళు విప్పారు, పరదాల తాళ్ళు విప్పారు. పొయ్యిలో మంట కొలిమిలా ఉంది. మంచం మీద అలైట్ జుట్టంతా చెమటకి అంటుకుపోయి, బొమ్మని గుప్పిట బిగించి, మొగుణ్ణి నోటికొచ్చినట్టు తిడుతోంది.

"తిట్టవే, ఇంకా తిట్టు! ఆ ఓపిక ఉంటే చాలు" అంటోంది లుట్‌గార్డ్. హిల్లెని చూసి కన్నుగీటింది. "నేను భయపడినంత లేదు. పిల్ల గట్టిది. పోరాడుతోంది."

హిల్లెకి ప్రాణం లేచొచ్చింది. మంచం పక్కన మోకరిల్లి, "ఏదీ, ఓసారి ఇటివ్వు తల్లీ, చెమట తుడిచి ఇస్తాను" అని గుప్పిట విప్పబోయింది.

"వద్దు! ఆవిణ్ణి నా దగ్గర్నుంచి తీసుకోకు!"

"క్షణంలో ఇస్తానే."

"వద్దన్నానా!"

మరో నొప్పి వచ్చింది. అలైట్ గుప్పిట ఇంకా బిగుసుకుంది. ఆ నొప్పి వదిలాక వేళ్ళ సందుల్లోంచి ఆకుపచ్చటిది కారడం హిల్లె చూసింది. ఆ వేడికీ ఆ చెమటకీ మైనం ఏం నిలుస్తుంది? అలైట్ కూడా తడి తగిలి గుప్పిట విప్పింది. అరచేతిలో పాము నలిగిన ముద్దై ఉంది. దాని వెనక, పూడ్చిన మైనం కూడా జారిపోతున్న గోడ. గోడలో మూడు కిటికీలు.

అలైట్ ఆ కిటికీల్ని చూసింది. తర్వాత తల్లి మొహం చూసింది. కుమ్మరి కొట్లో పుట్టిన పిల్లకి ఒకరు చెప్పక్కర్లేకుండానే అంతా అర్థమైపోయింది.

"కాలిన దాన్ని మార్చావా అమ్మా?"

హిల్లె సంచిలోంచి కొత్త బొమ్మ తీసింది. "ఇదిగోనే, ఇదీ అసలైనది. మార్గరెట్. నిప్పులోంచి ఇప్పుడే తెచ్చాను, ఇంకా వెచ్చగా ఉంది చూడు. పట్టుకో. నా మాట విను, పట్టుకో."

అలైట్ దాని వంక చూసి తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు కొత్తావిడతో పరిచయం పెంచుకునే తీరిక లేదమ్మా. ఇన్నాళ్ళూ ఈవిడతోనే మాట్లాడాను. రమ్మన్నాను. వచ్చింది." గోడని బొటనవేలితో తడిమి, "ఈవిడెందుకు వస్తుందో నాకు తెలుసుగా" అంది.

గోటితో ఆ కిటికీల్లో మైనాన్ని గీకేసింది. అరచేతిలో ముద్దని దుప్పటి లోపలి అంచుకి తుడిచేసింది. నొప్పికీ నొప్పికీ మధ్య, పాలవాడి లెక్క అప్పజెప్పినంత మామూలుగా ఆ పని చేసింది. అయ్యాక తల్లి చెవి దగ్గరికి లాక్కుని అంది. "ఎవరితోనూ అనకు. ఈ ఊళ్ళో కడుపుతో ఉన్నవాళ్ళందరి చేతుల్లో నీ మార్గరెట్లే ఉన్నాయి. మార్చింది ఇదొక్కటే అని నువ్వన్నా ఎవరూ నమ్మరు. నాలాగే గుప్పిట విప్పి చూసుకుంటారు. నాలాగే భయపడతారు. నాకు మాటియ్యి."

హిల్లె ఇచ్చింది. ఏ తల్లి అయినా ఆ వేళ ఏమడిగితే అది ఇస్తుంది.

"పాదిరి అయ్యగారిని పిలిపించండి" అంది అలైట్ పైకి.

లుట్‌గార్డ్ విస్తుపోయింది. "ఏమైందే నీకు? ఇప్పటిదాకా బాగానే ఉన్నావుగా! తిట్టవే, అరవవే, ముక్కవే!"

ఆ తర్వాత అలైట్ తిట్టలేదు, అరవలేదు. ముక్కమంటే ముక్కింది, ఊరుకోమంటే ఊరుకుంది. ఆడపిల్ల పుట్టింది, కెవ్వుమంది. నెత్తురు మాత్రం ఆగలేదు. పాదిరి ఫోల్కర్ట్ పరుగున వచ్చాడు. పాపాలు విన్నాడు, సత్ప్రసాదం ఇచ్చాడు, నుదుటికీ చేతులకీ నూనె రాశాడు. అన్నిటికీ వేళ చాలింది. ఒక్కటీ తక్కువ కాలేదు. అప్పుడు పోయింది అలైట్, నిద్రపోయినంత నెమ్మదిగా. చేతిలో మొండి బురుజు బార్బరా అలాగే ఉంది. లుట్‌గార్డ్ ఆమె వేళ్ళు విప్పి చూసి, "ఓహో" అంది.

బిడ్డ నలుసంత ఉంది. ఆలస్యం చేయడానికి లేదని ఆ సాయంత్రమే జ్ఞానస్నానానికి గుడికి తీసుకెళ్ళారు. మంత్రసాని ఎత్తుకోవలసిన బిడ్డని హిల్లె ఎవరికీ ఇవ్వకుండా తనే ఎత్తుకుంది. వెనకాల వాడకట్టు ఆడవాళ్ళు, అందులో ఇద్దరు ముగ్గురు నెలలు నిండినవాళ్ళు. వాళ్ళ చేతులు జేబుల్లోనే ఉన్నాయి. ఆ జేబుల్లో ఏమున్నాయో హిల్లెకి తెలుసు. ఎవర్ట్ నీళ్ళ తొట్టి పక్కన రాయిలా నిలబడ్డాడు.

"బిడ్డకేం పేరు?" అన్నాడు పాదిరి. తల్లి చేతిలో ఏ పునీతురాలుంటే ఆడపిల్లకి ఆ పేరు పెట్టడం మా వాడుక.

లుట్‌గార్డ్ ముందుకొచ్చింది. "బార్బరా అయ్యగారూ. బురుజు విరిగింది కానీ, మూడు కిటికీలూ నా కళ్ళతో చూశాను."

"పురిటి మంచం మీద బార్బరానా?" పాదిరి హిల్లె వైపు తిరిగాడు. గొంతులో గౌరవం వినిపించింది. "అందరూ మార్గరెట్‌ని ఇస్తారమ్మా. రాబోయేది చూసి, గుండె రాయి చేసుకుని, కూతురి ఆత్మ కోసం బార్బరాని ఇచ్చావు. నీలాంటి తల్లిని నేను చూడలేదు. ఆ పిల్లకి మంచి చావు దొరికింది."

ఆడవాళ్ళలో గుసగుసలు. ఎవర్ట్ మెల్లగా తలెత్తాడు.

"ఏమిటత్తా ఆయనంటోంది?"

హిల్లె బిడ్డ చుట్టూ గుడ్డ సర్దింది.

"అలైట్ నాతో మార్గరెట్ అనే చెప్పింది. పచ్చటి పాము నేనూ చూశాను. ఏం చేశావు? పోతుందని నీకు ముందే తెలుసా? తెలిసే పైన పాముని చుట్టి, లోపల చావుబొమ్మ పెట్టి ఇచ్చావా? ఉయ్యాల చేస్తుంటే నన్ను చూసి నవ్వావు కదత్తా. తెలిసే నవ్వావా?"

కడుపుతో ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి హిల్లెనే చూస్తున్నారు. లేదు, తెలియదు, మట్టి లేక మార్చాను అంటే చాలు, అల్లుడికి ఆమె మూర్ఖురాలవుతుంది కానీ హంతకురాలు కాదు. ఆ మాటంటే జేబుల్లోంచి ఆ చేతులన్నీ బయటికొస్తాయి, గోళ్ళతో ఆ పాములన్నిటినీ గీకి చూస్తాయి.

"తెలుసు" అంది హిల్లె. "ఆ ఒక్కదానికే చేశాను. దానికి ఆయుష్షు లేదని నాకు తెలుసు. మిగతావాళ్ళవి మార్గరెట్లే."

ఎవర్ట్ బిడ్డని ఆమె చేతుల్లోంచి తీసుకున్నాడు. లాక్కోలేదు, తీసుకున్నాడు. "ఇక మా గడప తొక్కకు" అన్నాడు.

ఆ మాటతో హిల్లె బతుకు మరో దారిన పడింది. చావు ముందుగా తెలిసే మనిషని పేరొచ్చింది. రోగిష్టివాళ్ళ ఇంటివాళ్ళు వచ్చి, బొమ్మ అడగడం మానేసి ఆమె చెయ్యి ఏ బొమ్మ మీదికి పోతుందో చూసేవాళ్ళు. బార్బరా మీదికి పోతే ఏడుస్తూ వెళ్ళేవాళ్ళు. వాళ్ళలో కొందరు నిజంగానే పోయారు. జడిసి పోయారని నేనంటాను. చిన్న బార్బరా కాలువ అవతలి గట్టున నడక నేర్చుకుంటుంటే, హిల్లె ఇవతలి గట్టునుంచి చూసేది. దాటి వెళ్ళలేదు.

పిల్లకి నాలుగో ఏడు నడుస్తుండగా జ్వరం తగిలిందని ఎవరో చెప్పారు. హిల్లె చేతిలో పని పడేసి వంతెన మీద పరిగెత్తింది. ఎవర్ట్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. అతని మొహంలో కోపం లేదు. ఉన్నదంతా భయమే.

"లోపలికి రానిస్తాను, రా. ఎత్తుకో కూడా. కానీ ముందు చేతులు చూపించత్తా. ఏ బొమ్మా తేలేదు కదా?"

హిల్లె రెండు చేతులూ చాచింది. మట్టి తప్ప ఏమీ లేదు. అతను ఒంగి వేళ్ళ సందుల్లో కూడా చూశాడు.